నాన్నగారి ఫ్లాటు అమ్మాం

2023 ఆగస్టులో హైదరాబాదు పడమటి శివారు కోకాపేటలో నియోపోలిస్ అనే ప్రభుత్వ లేఅవుటు వేలంలో ఒక ప్లాటు ఎకరం 100 కోట్ల 75 లక్షలకు పోయింది. ఆ వార్త వచ్చిన మర్నాటి నుంచి హైదరాబాదులో సొంత ఫ్లాటు ఉన్న ప్రతివాళ్లూ మనసులోనే తమ ఇంటికి ఓ పది లక్షలు కలిపేసుకున్నారని నా అనుమానం. మా ఇంట్లో ఆ పని తమ్ముడు చేశాడు. అమెరికా నుంచి ఫోను చేసినప్పుడల్లా ‘‘ఎనభై ఐదుకు పైసా తగ్గవద్దక్కా’’ అనేవాడు.

మాది కూకట్‌పల్లిలో మెట్రో స్టేషనుకు నడిచిపోయే దూరంలో ఉన్న పాత అపార్ట్‌మెంటు. 1,150 చదరపు అడుగులు, రెండు పడక గదులు, తూర్పు వాకిలి. నాన్నగారు 2006 చివరలో 18 లక్షలకు కొన్నారు. 2023లో ఆయన పోయాక అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. కొన్నాళ్లు అద్దెకిచ్చాం. అద్దె వసూళ్లు, పైపుల మరమ్మతులు అన్నీ నా నెత్తినే పడుతుండడంతో 2025 వేసవిలో అమ్మేద్దామని అమ్మ, నేను, తమ్ముడు అనుకున్నాం.

కోకాపేట వేలానికీ మా ఫ్లాటుకూ చుట్టరికం లేదని తమ్ముడికి నచ్చజెప్పడమే మొదటి పని. హైదరాబాదులో ఎఫ్ఎస్ఐ పరిమితి, అంటే స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలన్న హద్దు, లేదు. పెద్ద రోడ్డు, తగిన అనుమతులు ఉంటే ఒక ఎకరంలో నలభై, యాభై అంతస్తులు లేపవచ్చు. బిల్డరు అంత డబ్బు పెట్టేది ఆ ఎత్తు చూసుకునే. మా దస్తావేజులో నాన్నగారి వాటాకు వచ్చిన నేల 38 గజాలు. పాత ఫ్లాటులో పెరిగేది ఆ 38 గజాల విలువే. గోడలు, లిఫ్టు, పైపులు ఏటికేడు తరిగిపోయేవే. 2017 నవంబరులో మియాపూర్ మెట్రో నడవడం మొదలయ్యాక మా వైపు ధరలు బాగానే కదిలిన మాట నిజమే, కానీ ఆ లాభం ఎప్పుడో ధరలో కలిసిపోయింది.

మరి అసలు ధర ఎంత? ఇద్దరు ఏజెంట్లను అడిగితే ఒకాయన 85 లక్షలన్నారు, ఇంకొకాయన 65కు పార్టీ రెడీగా ఉందన్నారు. మొదటాయనకు కావలసింది మన తాళం చెవి, అంటే అమ్మే పని తన చేతికి రావడం. రెండో ఆయనకు కావలసింది త్వరగా కమీషను. ప్రకటనల్లో మా వీధిలోనే 80, 88, 92 అని కనిపించేవి. అవన్నీ అమ్మేవాళ్ల కోరికలు. ఆ ధరకు ఎవరైనా కొన్నారా లేదా అన్నది ప్రకటన చెప్పదు.

నాకు దారి చూపింది ఈసీ, అంటే ఒక ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలన్నీ చూపే పత్రం. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో 1983 తర్వాతి లావాదేవీలను ఎవరైనా వెతుక్కోవచ్చు. మా ఫ్లాటు నంబరు ఒక్కటే ఇచ్చి ఊరుకోకుండా, అదే భవనంలోని మిగతా ఫ్లాట్లకూ, పక్క రెండు అపార్ట్‌మెంట్లకూ వెతికాను. ఈసీలో ప్రతి అమ్మకానికీ రెండు అంకెలు ఉంటాయి. ఒకటి ప్రభుత్వ మార్కెట్ విలువ, రెండోది దస్తావేజులో రాసుకున్న ప్రతిఫలం, అంటే అమ్మకం ధర. ఈ రెండోదాన్ని కూడా అన్ని చోట్లా నమ్మలేం, ఎందుకంటే మనవాళ్లు సగం డబ్బు చేతికిచ్చుకుని తక్కువకు రాయించుకోవడం కొత్త కాదు. అందుకని అమ్మకం కింద వెంటనే బ్యాంకు తనఖా నమోదైన వాటినే పట్టుకున్నాను. అప్పు కావలసినవాళ్లు ధర తక్కువ రాయించుకోరు, రాయించుకుంటే ఆ మేరకు అప్పూ తగ్గుతుంది. అలా వడగట్టిన అమ్మకాలు మా సైజు ఫ్లాట్లకు 66 నుంచి 71 లక్షల మధ్య తేలాయి. ఆ కాగితం ఫొటో తీసి తమ్ముడికి పంపాను. వాడు ఒక రోజంతా మాట్లాడలేదు. తర్వాత ‘‘సరే, 76 అని చెప్పి చూడు’’ అన్నాడు.

ఇంటిని ముస్తాబు చేయడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మాడ్యులర్ కిచెన్ పెట్టిస్తే ఐదు లక్షలు ఎక్కువ వస్తాయని ఒక ఏజెంటు ఊదరగొట్టాడు. పెట్టించలేదు. కొనేవాళ్లు వచ్చీ రాగానే వాటిని పీకి తమకు నచ్చినట్టు చేయించుకుంటారు. ఖర్చు పెట్టింది మాత్రం పెద్ద పడక గదిలో కిటికీ పైన ఉన్న తేమ మరక మీద. అరచేయంత మరక. చూడడానికి వచ్చిన ప్రతివాళ్లూ గదిలో అడుగుపెట్టగానే తలెత్తి దాన్నే చూసేవారు, ఒకాయన వేలితో గీకి సున్నం రాలుతుందేమో పరీక్షించాడు కూడా. పై ఫ్లాటు వాళ్ల బాల్కనీలో టైల్స్ సందులు పూడిపించి, వాన పడేదాకా ఆగి, అప్పుడు రంగు వేయించాను. మరక మీద ఊరికే రంగు కొట్టించి ఉంటే మొదటి వానకే మళ్లీ పైకి తేలేది.

2025లో కూకట్‌పల్లి లాంటి చోట పాత ఫ్లాటు కొనడానికి వచ్చేవాళ్లు ఎక్కువగా హైటెక్ సిటీ వైపు ఉద్యోగాలు చేసే దంపతులు. వాళ్లు మన ఫ్లాటును పక్కవాళ్ల ఫ్లాటుతో పోల్చరు. తెల్లాపూర్, కొల్లూరు, బాచుపల్లి వైపు లేస్తున్న గేటెడ్ కమ్యూనిటీలతో పోలుస్తారు. అక్కడ ఈతకొలను, క్లబ్ హౌసు ఉంటాయి, మన దగ్గర ఇరవయ్యేళ్ల లిఫ్టు ఉంటుంది. ఆ పోలికలో మనకు పనికొచ్చే మాటలు కొన్ని ఉన్నాయి. నిర్మాణంలో ఉన్న ఫ్లాటు మీద 5 శాతం జీఎస్టీ కట్టాలి, చేతులు మారే పాత ఫ్లాటుకు జీఎస్టీ లేదు. కట్టే ఇంటికి మూడు, నాలుగేళ్లు ఈఎంఐ, అద్దె రెండూ మోయాలి. ఇక్కడ తాళం చెవి రేపే చేతికొస్తుంది. వచ్చినవాళ్లకు నేను బడాయి కబుర్లు చెప్పకుండా ఈ లెక్క కాగితం మీద వేసి చూపించేదాన్ని. ఆ ఏడాది ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రిజర్వు బ్యాంకు రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని) 6.50 నుంచి 5.50 శాతానికి తగ్గించడం కూడా కలిసొచ్చింది. వాయిదా తగ్గుతుందని తెలిశాక బేరం ఆడేవాళ్ల గొంతు కాస్త మెత్తబడింది.

అంతకు ముందు వినని ప్రశ్న ఒకటి ఇప్పుడు అందరూ అడిగారు: ‘‘చెరువు ఎంత దూరం?’’ 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడి కూల్చివేతలు మొదలైనప్పటి నుంచి ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు), బఫర్ (ఆ హద్దు చుట్టూ ఇళ్లు కట్టకూడని జాగా) అన్న మాటలు సామాన్యుల నోట్లోకి వచ్చేశాయి. మాకు ఆ బాధ లేదు. అయినా నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చెరువుల పటాలు తీసి మా వీధి ఎక్కడుందో గుర్తుపెట్టి ఫైలులో ఉంచాను. అడగకముందే ఆ కాగితం బయటికి తీస్తే ఎదుటివాళ్ల ముఖంలో వచ్చే మార్పు చూడాలి.

కాలం సంగతి కూడా చెప్పాలి. ఆషాఢంలో ఇల్లు చూసిపోయేవాళ్లు ఉంటారు, టోకెన్ ఇచ్చేవాళ్లు ఉండరు. ఆ నెలలో ఫోన్లు మోగకపోతే ధర తగ్గించేయాలని ఏజెంట్లు తొందరపెడతారు. మా ఏజెంటు కూడా పెట్టాడు. నేను ఆ నెలను కాగితాలకు కేటాయించాను. శ్రావణం రాగానే అదే ధరకు అదే ఇంటికి మనుషులు వచ్చారు. పైగా వచ్చిన సగం మంది నన్ను చూసి ‘‘సార్ ఎప్పుడుంటారు మేడమ్?’’ అని అడిగేవారు. ధర మాట్లాడాల్సింది నాతోనే అని చెప్పాక కొందరు నిజంగానే ఇబ్బంది పడ్డారు.

ఇక కాగితాలు. అమ్మేవాళ్లకు నేను ఒకటే చెబుతాను. ప్రకటన ఇవ్వకముందే మీ ఫైలును కొనేవాళ్ల బ్యాంకు లాయరు చదివినట్టు చదువుకోండి. ఈ రోజుల్లో ఇల్లు నచ్చాల్సింది దంపతులకే అయినా, సరే అనాల్సింది వాళ్ల బ్యాంకు.

నాన్నగారు వీలునామా రాయలేదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుక్కు, కూతురికి సమాన వాటాలు. మా నాయనమ్మ అంతకు ముందే పోయారు కాబట్టి మూడే వాటాలు అయ్యాయి. నాన్నగారి తల్లి బతికి ఉంటే నాలుగో వాటా ఆవిడది అయ్యేది, చాలామంది ఈ సంగతి మరిచిపోతారు. తహశీల్దారు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మరణ ధ్రువపత్రం, ఆస్తి పన్నులో పేరు మార్పు, కరెంటు, నీటి బిల్లుల బకాయి లేనట్టు రసీదులు, అపార్ట్‌మెంటు సంఘం నుంచి నో డ్యూస్ లేఖ, ఇవన్నీ ఓపిక ఉంటే దొరికేవే. ప్లాను కాపీ మాత్రం తిప్పలు పెట్టింది. జీహెచ్ఎంసీ 2007 ఏప్రిల్‌లో ఏర్పడింది. మా అపార్ట్‌మెంటుకు ప్లాను ఇచ్చింది అంతకు ముందున్న కూకట్‌పల్లి మునిసిపాలిటీ. చివరికి అది మా పాత సంఘం అధ్యక్షుల వారి అల్మరాలో దొరికింది.

అన్నిటికన్నా ఎక్కువ కాలం తిన్నది ఈసీలోని ఒక్క పంక్తి. నాన్నగారు 2006లో తీసుకున్న గృహరుణం ఎప్పుడో తీరిపోయింది. బ్యాంకు అసలు దస్తావేజులు తిరిగి ఇచ్చేసింది, అప్పు తీరినట్టు లేఖ కూడా ఉంది. కానీ అప్పుడు రిజిస్టరు చేసిన తనఖా అలాగే ఈసీలో కూర్చుంది. దాన్ని తొలగించాలంటే బ్యాంకు తరఫు అధికారి సబ్ రిజిస్ట్రార్ ముందుకు వచ్చి రిలీజ్ డీడ్ మీద సంతకం చేయాలి. ఆ బ్యాంకేమో మరో బ్యాంకులో కలిసిపోయింది. పాత శాఖ మూతపడి, ఖాతాలు ఇంకో శాఖకు వెళ్లాయి. అక్కడి అధికారికి మా అప్పు నంబరు కంప్యూటరులో కనపడదు. నాన్నగారు దాచిన పాస్ పుస్తకం, లేఖ చూపించినా ‘‘పైవాళ్లను అడగాలి’’ అనేవారు. వాయిదాలు తీరిన 30 రోజుల్లో దస్తావేజులు ఇచ్చేసి, తనఖా నమోదు కూడా తీయించాలని, ఆలస్యం చేస్తే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని రిజర్వు బ్యాంకు ఒక నిబంధన తెచ్చింది. అయితే అది 2023 డిసెంబరు 1 నుంచి వర్తించేది. మాది అంతకన్నా చాలా పాతది. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ముద్ర వేయించుకున్నాక గానీ ఫైలు కదల్లేదు. ఆషాఢం అయిపోయే లోపు రిలీజ్ డీడ్ రిజిస్టరైంది. ఇల్లు అమ్మే ఆలోచన లేనివాళ్లు కూడా అప్పు తీర్చిన ఏడాదే ఈసీ తీసి చూసుకోవడం మంచిది.

శ్రావణంలో ఒక జంట వచ్చారు. ఇద్దరికీ ఉద్యోగాలు, ఒక చిన్న పాప. 76 దగ్గర మొదలై 72 దగ్గర కుదిరింది. మధ్యలో ఇంకొకాయన 74 ఇస్తానన్నాడు. కానీ 45 రిజిస్ట్రేషనులో చూపించి మిగతాది నగదుగా ఇస్తాడట. స్థిరాస్తి లావాదేవీలో 20,000 అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది, పట్టుబడితే తీసుకున్నంత సొమ్మూ జరిమానాగా పోతుంది. ఆ భయం ఒక ఎత్తు, తమ్ముడి వాటాను నగదుగా అమెరికా ఎలా పంపుతాం అన్నది ఇంకో ఎత్తు. ‘‘ఆ సంచులు ఇంట్లో పెట్టుకుని నేను నిద్రపోలేను’’ అని అమ్మ తేల్చేసింది.

టోకెన్ తీసుకునే ముందు ఆ దంపతులను ఒక్క సంగతి అడిగాను, మీ చేతి డబ్బు ఎంత అని. మొహమాటపడాల్సిన ప్రశ్న కాదది. 30 నుంచి 75 లక్షల మధ్య గృహరుణానికి బ్యాంకు ఇచ్చేది ఇంటి విలువలో 80 శాతం వరకే. ఆ విలువ కూడా మనం అనుకున్న ధర కానక్కర్లేదు. బ్యాంకు పంపిన వాల్యుయర్ మా ఫ్లాటుకు 70 లక్షలు కట్టాడు. అంటే అప్పు 56 లక్షలకు మించదు. మిగతా 16 లక్షలు, దాని మీద 72 లక్షలకు 7.5 శాతం చొప్పున స్టాంపు, రిజిస్ట్రేషను ఖర్చులు 5 లక్షల 40 వేలు, అన్నీ వాళ్ల జేబులోంచి రావాలి. వాళ్ల దగ్గర ఉంది కాబట్టి ముందుకెళ్లాం. లేకపోతే నెలల తరబడి అగ్రిమెంటు పట్టుకుని కూర్చునేవాళ్లం. అప్పు మంజూరు కాకపోతే అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలో కూడా అగ్రిమెంటులోనే రాయించాం.

తమ్ముడు ప్రవాసి కావడం వల్ల వచ్చిన చిక్కును మాత్రం మా ఏజెంటు గానీ, కొనేవాళ్లు గానీ ఎవరూ చెప్పలేదు. ఆడిటరు గారు చెప్పారు. 50 లక్షలు, అంతకు మించిన ఇల్లు కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్, అంటే అమ్మేవాళ్లకిచ్చే సొమ్ములోంచి ముందే పట్టుకునే పన్ను, కోసి ప్రభుత్వానికి కట్టాలి. 2024 అక్టోబరు నుంచి ఆ 50 లక్షలను ఒక్కొక్కరి వాటాగా కాక, మొత్తం ధరగా చూస్తున్నారు. కాబట్టి అమ్మ వాటా 24 లక్షలే అయినా, నాది 24 లక్షలే అయినా, చెరో 24,000 కోయాలి. కొనేది ఇద్దరు, స్వదేశంలో అమ్మేది ఇద్దరు కాబట్టి ఆ పన్ను కట్టడానికి వాళ్లు నాలుగు 26క్యూబీ ఫారాలు నింపాల్సి వచ్చింది. ఇక్కడిదాకా తేలికే. ప్రవాసి వాటాకు ఈ 1 శాతం పనిచేయదు. లాభం ఎంతన్నది కొనేవాళ్లకు తెలియదు కాబట్టి, వాటా మొత్తం మీద 12.5 శాతం, దానిపై సెస్ కలిపి 13 శాతం కోయాలి. అంటే తమ్ముడి 24 లక్షల్లో 3 లక్షల 12 వేలు. పైగా కొనేవాళ్లు అందుకోసం టాన్, అంటే పన్ను కోసేవాళ్లకు ఇచ్చే నంబరు, తీసుకోవాల్సి వచ్చింది.

తక్కువ కోయడానికి ఆదాయపు పన్ను శాఖ నుంచి ధ్రువపత్రం తెచ్చుకునే వీలుంది. అందుకు అప్పట్లో ఫారం 13 పెట్టుకోవాల్సి వచ్చేది. అందులో కొనేవాళ్ల టాన్ రాయాల్సి ఉండేది. కాబట్టి మా వరస ఇలా పెట్టుకున్నాం: ముందు అగ్రిమెంటు, తర్వాత వాళ్ల టాన్, ఆ తర్వాత తమ్ముడి దరఖాస్తు, ధ్రువపత్రం చేతికొచ్చాకే రిజిస్ట్రేషను. అడ్వాన్సులో కూడా తమ్ముడి పేరిట పైసా తీసుకోవద్దని ఆడిటరు గారు గట్టిగా చెప్పారు, ధ్రువపత్రం రాకముందు ఇచ్చిన ప్రతి రూపాయికీ పూర్తి రేటు పడుతుంది. అడ్వాన్సును అమ్మ, నేను పంచుకున్నాం. మూఢాలు, మహాలయ పక్షాలు లెక్క చూసుకునే కొనేవాళ్ల తరఫు పెద్దలకు ఈ ఆలస్యం నొప్పి తెలియకుండా గడిచిపోయింది.

పన్ను లెక్కలోనూ ఒకే ఇంట్లో రెండు న్యాయాలు. 2024 జూలై 23కు ముందు కొన్న ఇంటికి స్వదేశీయులు రెండు దారుల్లో తక్కువది ఎంచుకోవచ్చు, ఇండెక్సేషనుతో (కొన్న ధరను ధరల పెరుగుదల సూచీ మేరకు పెంచి లాభం లెక్కకడితే) 20 శాతం, లేకుండా 12.5 శాతం. 2006-07 సూచీ 122, 2025-26 సూచీ 376. నాన్నగారు పెట్టిన 18 లక్షల్లో మూడో వంతు 6 లక్షలు, సూచీతో పెంచితే సుమారు 18 లక్షల 49 వేలు. లాభం 5 లక్షల 51 వేలు, సెస్‌తో కలిపి పన్ను దాదాపు 1 లక్షా 15 వేలు. ప్రవాసికి ఆ వెసులుబాటు లేదు. తమ్ముడికి 18 లక్షల లాభం మీద సెస్‌తో 2 లక్షల 34 వేలు. ఒకే తండ్రి, ఒకే ఇల్లు, ఒకే వాటా. వాడు రెండింతలు కట్టాడు. ఫోనులో ఈ లెక్క విన్నాక 85 లక్షల మాట వాడు మళ్లీ ఎత్తలేదు. అమ్మను మాత్రం ఆడిటరు గారు 54ఈసీ బాండ్ల గురించి అడిగారు, లాభాన్ని వాటిలో పెడితే పన్ను పడదు కానీ ఐదేళ్లు డబ్బు కదపకూడదు. ‘‘నా వయసుకు ఐదేళ్ల వాయిదాలెందుకు బాబూ, పన్ను కట్టేయండి’’ అంది.

తన తరఫున సంతకం చేసే అధికారమిచ్చే పవర్ ఆఫ్ అటార్నీని తమ్ముడు అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపాడు. విదేశంలో రాసిన పత్రం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో ఆ పని ముందే ముగించాను. జనరల్ పవర్ కాకుండా ఈ ఒక్క ఫ్లాటు అమ్మకానికే పరిమితమైన స్పెషల్ పవర్ రాయించమని కొనేవాళ్ల బ్యాంకు లాయరు అడిగాడు, అది నాకూ నచ్చింది.

2025లో స్లాట్ బుకింగ్ రావడంతో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో రోజంతా పడిగాపులు కాయాల్సిన పని తప్పింది. మా స్లాటుకు బ్యాంకు మనిషి డీడీలు సంచిలో పెట్టుకుని వచ్చాడు, రిజిస్ట్రేషను అయ్యేదాకా వాటిని చేతికివ్వడు. అమ్మ వేలిముద్ర యంత్రానికి అందలేదు. అరవయ్యేళ్లు అంట్లు తోమి, పిండి రుబ్బిన వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. ఒక వేలు, ఇంకో వేలు, తడి గుడ్డతో తుడిచి మళ్లీ ఇంకో వేలు. అక్కడి కుర్రవాడు విసుక్కోకుండా అమ్మ బొటనవేలిని తన చేతుల మధ్య కాస్త రుద్ది, యంత్రం మీద పక్కకు వంచి పెట్టాడు. ఆకుపచ్చ దీపం వెలిగింది. డీడీలు పేర్లు సరిచూసుకుని తీసుకున్నాం. పార్కింగు నంబరు దస్తావేజులో పడిందో లేదో కొనేవాళ్లు రెండుసార్లు చూసుకున్నారు. వాళ్ల స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని.

రిజిస్ట్రేషనుతో పని అయిపోదు. కొనేవాళ్లు టీడీఎస్ కట్టాక అందుకు రుజువుగా మాకు 16బీ పత్రాలు ఇవ్వాల్సి ఉండేది, తమ్ముడి వాటాకు 27క్యూ అనే లెక్క దాఖలు చేయాల్సి ఉండేది. ఉద్యోగాల హడావిడిలో వాళ్లు మరిచిపోతే మన ఖాతాలో జమ కనిపించదు, అందుకని నెల నెలా పలకరించాను. తమ్ముడి సొమ్ము ఇక్కడి బ్యాంకులో ప్రవాసులకుండే వాడి ఎన్ఆర్‌ఓ ఖాతాలో ఉంది. అమెరికాకు తరలించడానికి ఆడిటరు గారు పన్ను లెక్క సరిగ్గా ఉన్నట్టు ధ్రువపత్రం ఇస్తే, వాడు ఆదాయపు పన్ను శాఖకు ఒక ఫారం వేయాలి. వాడు ఇంకా వేయలేదు. రూపాయి ఇంకాస్త బలపడితే పంపుకుంటానని కూర్చున్నాడు.